గాలయ్య చూపిన అర గీత

వెదురు బుట్టకు తోలు కప్పిన తన పుట్టిలో ఎవరినైనా ఎక్కించుకునే ముందు గాలయ్య ఒక పని చేసేవాడు. దాన్ని ఒడ్డున బోర్లించి, అడుగు తోలంతా అరచేత్తో తడిమేవాడు. తర్వాత తిరగేసి నీళ్లలో వేసి, తానొక్కడే అందులో బాసింపట్టు వేసుకుని కాసేపు ఊరికే కూర్చునేవాడు. కింద తడి తగలకపోతేనే "ఇగ రాండ్రి" అనేవాడు. పెళ్లివారు ముహూర్తం దాటిపోతోందని మొత్తుకున్నా ఈ తంతు తప్పేది కాదు. మొదటిసారి చూసినప్పుడు నేను విసుక్కున్నాను. నాకు విసుగు మొదటినుంచీ కొంచెం ఎక్కువే. ఆ విసుగు నన్ను ఎక్కడిదాకా తీసుకుపోయిందో, ఈ మనిషి నన్ను ఎట్లా వెనక్కి తెచ్చాడో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నా పేరు రఘుపతి. 1941లో మహబూబ్‌నగర్‌లో ఒక హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి. పాఠం ఉర్దూలో చెప్పాలి, పిల్లలు తెలుగులో అర్థం చేసుకోవాలి, మధ్యలో నేను నలగాలి. ఆ నలుగుడులో నాకున్న ఊరట ఒక చెక్కపెట్టె. అందులో గుర్రపు లాడం ఆకారంలో ఒక బలమైన అయస్కాంతం, రబ్బరు తొడిగిన తీగ చుట్టలు, ఒక గాల్వనోమీటరు ఉండేవి. గాల్వనోమీటరు అంటే ఎంత సన్నటి కరెంటు వచ్చినా సూది కదిలించి చెప్పే యంత్రం. సూది కింద చిన్న చిన్న గీతలుంటాయి, ఎన్ని గీతలు జరిగితే అంత కరెంటు. ఆ పెట్టె లేకపోతే మా బడిలో సైన్సు అంటే నల్లబల్ల, సుద్దముక్క, అంతే.

ఆషాఢంలో ఒక కాగితం వచ్చింది. జిల్లాలో బడులన్నిటి మీదా అధికారి అయిన మొహతమీమ్ సాబ్ దగ్గరనుంచి. వాడకం లేని సామాను పట్నానికి తెప్పిస్తున్నామని, మీ పెట్టెతో చెప్పుకోదగ్గ పని ఏదైనా జరుగుతుంటే దసరా లోపల చూపించమని, లేకపోతే అదీ వస్తుందని సారాంశం. చదివి నాకు ఒళ్లు మండింది. పిల్లలకు పాఠం చెప్పడం పని కాదా అని గోడలకు వినిపించేటట్టు అరిచాను. గోడలు ఏం చేస్తాయి పాపం. ఒకసారి పోయిన పెట్టె మా పిల్లలకు మళ్లీ రాదని నాకు తెలుసు.

అప్పటికి చాలా రోజులుగా ఒక సంగతి నా బుర్రలో తిరుగుతోంది. అయస్కాంతం దగ్గర రాగి తీగను కదిలిస్తే ఆ తీగలో కరెంటు పుడుతుంది. తీగే కానక్కర్లేదు, కరెంటును పోనిచ్చే నీళ్లు కదిలినా పుడుతుంది. బడిలో ఒక చెక్క దోనెను అయస్కాంతం కొమ్ముల మధ్య వాలుగా పెట్టి, అందులో ఉప్పునీళ్లు పారించి, దోనె అంచులకు తీగలు తగిలిస్తే సూది వణికేది. నీళ్లు ఆగితే సూదీ ఆగేది. మరి భూమి అంతా ఒక పెద్ద అయస్కాంతం కదా. దాని మీద నది పారుతోంది కదా. అయితే ఒక గట్టు దగ్గర ధన విద్యుత్తు, ఎదురు గట్టు దగ్గర ఋణ విద్యుత్తు చేరాలి. వందేళ్ల కింద విలాయతులో ఒక పండితుడు వాళ్ల ఊరి వంతెన మీదనుంచి నదిలోకి రాగి రేకులు దించి చూశాడని, సరిగ్గా తేలలేదని పుస్తకంలో ఉంది. ఆయన నదిలో తేలకపోతే మన కృష్ణలో తేలకూడదని ఉందా అనుకున్నాను.

మూడు రోజులు కూర్చుని లెక్క కట్టాను. మన సీమలో భూమి అయస్కాంతం ఎక్కువగా అడ్డంగా ఉత్తరానికి లాగుతుంది, నిలువుగా లాగేది కొద్దిగానే. నది విషయంలో పనికివచ్చేది ఆ నిలువు లాగుడే. అందుకని వరద మీదున్న కృష్ణలో కూడా మా గాల్వనోమీటరు మీద ఒక్క గీత మించి రాదని తేలింది. ఒక్క గీత చాలు, పెట్టె నిలుస్తుంది అనుకున్నాను.

శ్రావణంలో పెట్టెను, మా బడి చప్రాసి ఏసోబును వెంటబెట్టుకుని రైలెక్కి, వనపర్తి రోడ్డు స్టేషనులో దిగి, ఎడ్లబండి మీద ఆత్మకూర్ దాటి కృష్ణ ఒడ్డుకు చేరాను. అక్కడ కృష్ణ ఒక రాతిదిబ్బకు అటూ ఇటూ చీలి పారుతుంది. ఇటు పాయ రెండు వందల గజాలుంటుంది, ఉరవడి ఎక్కువ. దాన్ని దాటించే మొనగాడు ఎవరని అడిగితే అందరూ గాలయ్య పేరే చెప్పారు.

అతనికి నలభై అయిదేళ్లుంటాయి. బెస్త ఇంట పుట్టాడు. పన్నెండో ఏట తెడ్డు పట్టాడు, బడి గడప తొక్కలేదు. నీళ్ల రంగు చూసి ఇది భీమ పొంగు, ఇది పైనుంచి వచ్చే కృష్ణ పొంగు అని చెప్పేవాడు. గర్భిణులను, కొత్త కోడళ్లను, పురుడు పోయబోయే మంత్రసానులను, గట్టు మారే గొర్రెల మందలను దాటించాడు. ముప్పై మూడేళ్లలో అతని పుట్టి ఎక్కిన మనిషి ఒక్కరూ నీళ్ల పాలు కాలేదని రేవంతా చెప్పేది. ఆ మాట అతను మాత్రం చెప్పుకోడు. ఎవరైనా అంటే గంగమ్మ దయ అని తెడ్డు వైపు చూసేవాడు. అతని భార్య సోమమ్మ ఎండుచేపలు అంగట్లో అమ్ముకొచ్చేది. మాట తక్కువ, శుభ్రం ఎక్కువ. వాళ్ల గుడిసెలో ఉన్న రెండే రెండు రాగి చెంబులు అద్దాల్లా ఉండేవి.

ఏం చేయబోతున్నామో గాలయ్యకు చెప్పాను. ఇతనికేం తెలుస్తుందిలే అన్న ధోరణిలోనే మొదలుపెట్టాను కానీ, అతను వదలకుండా అడిగాడు. రెండు రాగి రేకులు ఎందుకు, ఒకటి చాలదా అన్నాడు. తక్కెడకు రెండు తట్టలున్నట్టే ఇక్కడ రెండు రేకులు, రెండూ ఒక్క తీరుగా ఉండాలి, ఒకటి ఇటు గట్టున, ఒకటి అటు దిబ్బ దగ్గర, వాటి మధ్య తేడా ఎంతో సూది చెప్తుంది అన్నాను. అతను తల ఊపాడు. తీగను నీళ్లు లాగెయ్యకుండా, వలలకు కట్టినట్టు ఎండు సొరకాయ బుర్రలు కడదామన్నది అతనే. మూరెడు మూరెడుకూ బుర్ర కట్టి తీగను పాయకు అడ్డంగా తేల్చాడు. నా పుస్తకంలో ఆ ఉపాయం లేదు.

మర్నాడు పొద్దున ఏసోబు ఒక రేకు తీసుకుని ముందే దిబ్బ మీదికి పోయాడు. రెండో రేకును, రాత్రి సామాను ఉంచిన తన గుడిసె దగ్గరనుంచి గాలయ్య పట్టుకొచ్చాడు. దాని మీద పసుపు, నడుమ కుంకుమ బొట్టు. నాకు నవ్వొచ్చింది. కడిగిరా అనడానికి నోరు తెరిచి, నీళ్లలో ఎట్లాగూ పోతుందిలే, ఇప్పటికే ఆలస్యమైంది అని మూసుకున్నాను. చెప్పాను కదా, నా విసుగు.

రేకు నీళ్లలోకి దిగింది. సూది ఒక్కసారిగా పక్కకు దూకి పదకొండు గీతల దగ్గర నిలబడింది.

లెక్క ప్రకారం రావలసింది ఒకటి. బుద్ధి ఉన్నవాడైతే అక్కడ ఆగి ఆలోచించాలి. నేను ఎగిరి గంతేశాను. లెక్కలో పొరపాటుందని, విలాయతు పండితుడికి దొరకనిది నాకు దొరికిందని నిర్ణయించుకున్నాను. మహబూబ్‌నగర్ చేరగానే మొహతమీమ్ సాబ్‌కు నాలుగు పుటల ఉత్తరం రాశాను. కృష్ణ పదకొండు గీతల కరెంటు ఇస్తోందని, దయచేసి తామే వచ్చి కళ్లారా చూడాలని. వెంటనే జవాబు వచ్చింది. భాద్రపదంలో ఫలానా రోజున ఆత్మకూర్ రేవుకు వస్తున్నానని రెండు వాక్యాలు. మెచ్చుకోలు లేదు. నా ఉత్సాహంలో అది కూడా గమనించలేదు.

ఆయన రావడానికి ఎనిమిది రోజులుందనగా, బడి విడిచే వేళ ఏసోబు వచ్చి, గేటు దగ్గర గాలయ్య నిలబడ్డాడని చెప్పాడు. నమ్మలేదు. వెళ్లి చూస్తే అతనే. కాళ్లు మోకాళ్లదాకా దుమ్ము. రెండు రోజులు నడిచి వచ్చాడట. లోపలికి రమ్మంటే గది గడప దగ్గర ఆగిపోయాడు. మంచినీళ్లు తాగి, పెట్టె వైపు చూస్తూ చెప్పాడు.

"పంతులూ, మీరు రెండు రేకులు ఒక్కతీరుగ ఉండాలె అన్నరు గద. ఆ దినం మా సోమమ్మ ఒకదాన్ని చింతపండు, ఉప్పు ఏసి తోమింది. గంగమ్మల ఏసే రాగి నల్లగ ఉండొద్దని. రెండోది అప్పటికే దిబ్బ మీదికి పోయింది, తోమలే. మొన్న మాటల మాటల జెప్పింది. నాకు నిద్ర వట్టలే."

నా మొహం ఎట్లా ఉందో నాకు తెలియదు. నా నోట్లోంచి వచ్చిన మాట మాత్రం గుర్తుంది. పుట్టి నడిపేవాడికి ఇందులో ఏం తెలుస్తుంది, నీళ్లు పారితే వచ్చింది, చింతపండుతో వస్తుందా అని కసిరాను.  అతను తల వంచుకుని, తప్పు ఆడదానిది కాదని, ఏమన్నా శిక్ష ఉంటే తనకే వేయించమని, పటేలు దాకా పోనియ్యవద్దని నెమ్మదిగా అడిగాడు. అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. సర్కారు సామాను చెడగొట్టామని సర్కారు బడికి వచ్చి చెప్పడమంటే ఆ రోజుల్లో ఒక బెస్త మనిషి దెబ్బలో జరిమానానో తెచ్చుకోవడమేనని ఊళ్లో అందరికీ తెలుసు. పోవద్దని రేవులో పదిమంది చెప్పారట. అయినా వచ్చాడు. నాకు సిగ్గేసింది. ఇప్పుడు రాస్తుంటే కూడా వేస్తోంది.

గంగాళం నిండా బావినీళ్లు తెప్పించి, రెండు రేకులనూ అందులోనే ఎడంగా దించాను. పారుదల లేదు, కృష్ణ లేదు. సూది దూకి పది గీతల దగ్గర నిలబడింది. తోమిన రాగికీ తోమని రాగికీ మధ్య ఉన్న తేడా అది. దాన్ని నేను నది కరెంటు అని నాలుగు పుటలు రాశాను. సోమమ్మ చేసింది ఆ ఇల్లాలి మర్యాద. పసుపు కళ్లారా చూసి కూడా అడగకపోవడం నా తప్పు. బల్ల మీద కూలబడ్డాను. ఉత్తరం వెనక్కి రాదు. సాబ్ వస్తాడు. పెట్టె పోతుంది.

గాలయ్య గంగాళం పక్కన గొంతుక్కూర్చుని సూదినే చూస్తున్నాడు. కాసేపటికి, అంగట్లో తక్కెడ మీద అనుమానమొస్తే వాళ్లు ఏం చేస్తారో చెప్పాడు. చేపలున్న తట్టలోకి రాళ్లు, రాళ్లున్న తట్టలోకి చేపలు మార్చి మళ్లీ తూయిస్తారట. దండెలో దొంగతనముంటే అది రెండోసారి అవతలి పక్కకు తేలిపోతుంది. చేపల బరువు మాత్రం చేపలదే. రేకులను కూడా అట్లా మార్చి చూడొచ్చు కదా అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. రేకుల తేడా రేకులతోపాటు పోతుంది, చోట్లు మారిస్తే సూది అటు మొగ్గేది ఇటు మొగ్గుతుంది. నది ఇచ్చేది నదిది, రేకులు మార్చినా అది పక్క మారదు. రెండూ కలిపి సగం చేస్తే రేకుల తేడా కొట్టుకుపోయి నది వంతు మిగలాలి. గంగాళంలోనే మార్చి చూశాను. మొదట కుడికి పది, మార్చాక ఎడమకు పది. మిగిలింది సున్న. నిలిచిన నీళ్లు కదా, సున్నే రావాలి. చదువుకున్న నాకు మూడు వారాల్లో తట్టనిది అతనికి ఒక్క పూటలో తట్టింది. ఆ రాత్రి మా ఇంట్లో అన్నం పెట్టి, తెల్లారి రైలెక్కించాను. రైలు ఎక్కడం అతనికి అదే మొదలు. కిటికీలోంచి దేవరకద్ర చెరువు నీళ్లు చూసి లోతు అంచనా కట్టాడని తర్వాత చెప్పాడు.

సాబ్ వచ్చే రోజు ముందుగానే రేవుకు చేరాను. ఈసారి రేకులు రెండూ సోమమ్మ చేతికే ఇచ్చి, ఒకే చింతపండు ముద్దతో, ఒకే నీళ్లతో తోమమని అడిగాను. ఆమె మొదట భయపడింది, తర్వాత నా మొహం చూసి నవ్వింది. రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని, ఒకదానికి ఎన్ని రుద్దులో రెండోదానికీ అన్నే రుద్దులు లెక్కపెట్టి తోమింది. పసుపు మాత్రం పని అయినంక పెడతానంది.

మొహతమీమ్ సాబ్ పెద్దవాడు, తెల్లగడ్డం, పలుచటి మనిషి. వెంట ఒక ఖాళీ బండి, ఇద్దరు మనుషులు. పుట్టి ఎక్కి దిబ్బ మీదికి వస్తారా అని అడిగితే, ఆ తోలుబుట్టలో కాలు పెట్టనని ఉర్దూలో ఖరాఖండిగా చెప్పి ఒడ్డునే కుర్చీ వేయించుకున్నారు. ఆయన నోరు తెరవకముందే నేను చెప్పేశాను. పదకొండు గీతలు అబద్ధమని, ఎట్లా పొరబడ్డానో, ఎవరు వచ్చి చెప్పారో, ఈరోజు ఏం చేయబోతున్నామో.  ఆయన మొహంలో ఏమీ కనిపించలేదు. కానీయమని చెయ్యి ఊపారు.

గాలయ్య పుట్టిని బోర్లించి తడిమాడు. నీళ్లలో వేసి ఒంటరిగా కూర్చున్నాడు. సాబ్ గడియారం చూసుకున్నారు. ఈసారి నేను విసుక్కోలేదు.

రేకులు మార్చి సగం చేశాక మిగిలేది కుడికైతే నది, ఎడమకైతే మరేదో అని ముందే కాగితం మీద రాసి సాబ్ చేతికిచ్చాను. మొదటిసారి కుడికి మూడు గీతలు, ఎంత ఒక్కతీరుగా తోమినా రేకుల తేడా కొంత మిగిలే ఉంది. గాలయ్య ఈ రేకు తీసుకుపోయి దిబ్బ మీదున్న ఏసోబుకు ఇచ్చి, ఆ రేకు తీసుకుని వచ్చాడు. ఇప్పుడు ఎడమకు రెండు. కుడికి మూడు, ఎడమకు రెండు, తేడాలో సగం కుడికి అర గీత. ఒక్కసారి వస్తే నమ్మడానికి లేదు. మళ్లీ మార్చాలి. ప్రతి మార్పుకూ అతను పాయను పోను ఒకసారి, రాను ఒకసారి దాటాలి. నాలుగో మార్పు దగ్గర గాలి లేచింది. పుట్టి గిర్రున తిరిగి, సొరబుర్రల తీగ విల్లులా వంగింది. చాలు, ఆపేయమని కేక వేశాను. అతను వినిపించుకోలేదో, విననట్టున్నాడో. రేకును తలగుడ్డతో నడుముకు కట్టుకుని దిగువగా కొట్టుకుపోయి, ఒడ్డు వెంట పుట్టిని ఈడ్చుకుంటూ వచ్చాడు. మళ్లీ అర గీతే. కుడికే.

నాలుగుసార్లు మార్చినా ఆ అర గీత కుడివైపే నిలిచింది. నా లెక్కకు సగం. నది అడుగున తడిమట్టి కొంత కరెంటును లోపల్లోపలే వెనక్కి పోనిస్తుంది కాబట్టి అది సబబే.

 సాబ్ జేబులోంచి ఒక కాగితం తీసి నాకు చూపించారు. చిన్న చిన్న అంకెలు. తానూ కాలేజీలో ఇదే శాస్త్రం చదివానని, నా ఉత్తరం అందిన రోజే లెక్క కట్టి చూశానని, ఒక్క గీత మించి రావడానికి వీల్లేదని అప్పుడే తేలిందని చెప్పారు. పదకొండు గీతలు చూపించే మాస్టరు చేతిలో యంత్రం ఉండకూడదని బండి తెచ్చారట. ఈరోజు నేను పదకొండే చూపించి ఉంటే పెట్టె అటే పోయేదట. అర గీత చూపించావు కాబట్టి ఉంచుకో అన్నారు. బండివాళ్లను పంపించేశారు.

నేను గాలయ్య వైపు చూశాను. అతను నడవకపోతే, పదిమంది మాట విని రేవులోనే ఉండిపోతే ఏమయ్యేదో అప్పుడు పూర్తిగా తెలిసొచ్చింది. చెయ్యెత్తి దండం పెట్టాను. అతను కంగారుపడి వెనక్కి జరిగాడు.

సాబ్ అతన్ని దగ్గరికి పిలిచి, తెలుగు కూడబలుక్కుని, నువ్వు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదా, భయం కాలేదా, ఎందుకు పోయి చెప్పావు అని అడిగారు.

"భయమైంది సాబ్," అన్నాడు గాలయ్య. "కని పంతులు నా పుట్టి ఎక్కిన మనిషి. చిల్లి ఉన్నదని ఎరుకైనంక ఎట్ల నడిమిట్ల ఇడుస్త?"

సాబ్ ఆ మాటను రెండోసారి నాచేత ఉర్దూలో చెప్పించుకున్నారు. తర్వాత కుర్చీలోంచి లేచి, చెప్పులు విడిచి ఒడ్డున జతగా పెట్టి, షేర్వానీ కొసలు పైకి పట్టుకుని పుట్టి దగ్గరికి నడిచారు. గాలయ్య ఆయన్ను ఒక్క క్షణం ఆగమన్నాడు. పుట్టిని ఒడ్డుకు లాగి, బోర్లించి, తోలంతా మళ్లీ తడమడం మొదలుపెట్టాడు. సాబ్ నీళ్లలో పాదాలు పెట్టుకుని, అది అయ్యేదాకా నిలబడ్డారు. సోమమ్మ పక్కన కూర్చుని రెండు రేకులకూ పసుపు పెడుతోంది.